చిన్నారి పెళ్లికూతురు: గడప దాటిన తర్వాతి కథ
(గురజాడ అప్పారావు స్మారకోపన్యాస పాఠం)



గురజాడ వారి పేరు మీద జరిగే సభలో టీవీ సీరియల్ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు వెంటనే సరేనన్నారు. వారికి కృతజ్ఞతలు. సీరియల్ అనగానే చదువుకున్నవాళ్లం కాస్త మొహం చిట్లిస్తాం. గురజాడ అలా చిట్లించుకునే మనిషి కాదని నా నమ్మకం. 1897లో 'కన్యాశుల్కం' అచ్చయినప్పుడు ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాట చూడండి. జనంలో చదివే అలవాటు ఏర్పడేదాకా నలుగురికీ మంచి చెప్పడానికి రంగస్థలమే దిక్కని అందులో అంటారు. జనం ఎక్కడ కూర్చుని కథ చూస్తారో అక్కడికే కథను తీసుకెళ్లాలన్న పట్టుదల అది. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు ఆ నాటకాన్ని తొలిసారి ఆడినప్పుడు జనం రంగస్థలం ముందు కూర్చున్నారు. 116 ఏళ్ల తర్వాత రాత్రి ఎనిమిదింటికి టీవీ ముందు కూర్చున్నారు.

2008 జులై 21న కలర్స్ అనే కొత్త హిందీ చానల్ మొదలైంది. ఆ రోజే 'బాలికా వధు' కూడా మొదలైంది. కథ పూర్ణేందు శేఖర్‌ది. మా టీవీలో అదే 'చిన్నారి పెళ్లికూతురు'గా మన ఇళ్లకు వచ్చింది. రాజస్థాన్ పల్లెలో ఎనిమిదేళ్ల ఆనందికి, తనకంటే కాస్త పెద్దవాడైన జగదీశ్‌కి పెళ్లి చేసి, ఆ పిల్లను అంత చిన్న వయసులోనే అత్తవారింటికి పంపేస్తారు. 2016 జులై 31 వరకు, ఎనిమిదేళ్లు, రెండు వేలకు పైగా ఎపిసోడ్లు సాగింది. అంత పొడవైన సీరియల్‌లో అన్నీ మంచివే ఉండవు, అన్నిటి గురించీ మాట్లాడే ఓపిక నాకూ లేదు, మీకూ ఉండదు. ఈవేళ నేను పట్టుకునేది ముఖ్యంగా మొదటి రెండేళ్లను, అంటే ఆనంది, జగదీశ్ ఇంకా పిల్లలుగా ఉన్న భాగాన్ని. బాల్యవివాహం గురించి మన తెలుగు నాటకం, మన సినిమా ఎంతో చెప్పాయి. అయినా అవి రెండూ వదిలేసిన చోటు ఒకటుంది. ఆ చోటును నింపింది ఈ సీరియల్ మొదటి భాగం అని నా వాదన.

ఆ చోటు ఏదో తెలియాలంటే 'కన్యాశుల్కం' దగ్గరికే వెళ్లాలి. అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇచ్చి డబ్బు పుచ్చుకుందామనుకుంటాడు. పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువై ఇంట్లో ఉంది. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ఆ ముసలాయనకు కట్టబెట్టడంతో సుబ్బి గండం గట్టెక్కుతుంది. ఇంత పెద్ద నాటకంలో పెళ్లికి ముందున్న పిల్ల ఉంది, భర్త పోయిన బుచ్చమ్మ, లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి ఉన్నారు. మధ్యలో ఉండాల్సిన మనిషి మాత్రం లేదు. చిన్నతనంలో పెళ్లయి, అత్తవారింట్లో పొద్దున లేచి, పగలంతా గడిపి, రాత్రి పడుకునే పిల్ల లేదు. సుబ్బి మాట మనకు దాదాపు వినిపించదు. గురజాడే రాసిన 'పూర్ణమ్మ'లో కూడా ఆ పిల్ల ముసలి మొగుడితో కాపురానికి వెళ్లకముందే కోనేటి దగ్గర కథ ముగుస్తుంది. రెండు చోట్లా కథ గడప ఇవతలే ఆగిపోయింది.

ఇది గురజాడలో లోపమని నేననడం లేదు. ఆయన ముందున్న అవసరం వేరు. ఆ ముందుమాటలోనే ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. పూర్తి కాని ఆ జాబితాలోనే 1,034 పెళ్లిళ్లు తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల ధర మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయలు. ఈ అంకెలు చదివిన మనిషికి మొదట తోచేది అమ్మకాన్ని ఆపాలని. ఇల్లు తగలబడుతుంటే లోపలి గదుల్లో సామాను ఎలా సర్ది ఉందో ఎవరూ చూడరు. అమ్మేవాణ్ణి, కొనేవాణ్ణి, మధ్యవర్తిని నలుగురిలో నిలబెట్టి కడిగేయడమే ఆ నాటకం పని. ఆ పనిని మనవాళ్లలో ఇంకెవరూ అంత బాగా చేయలేదు.

గడప అవతల ఏం జరిగిందన్నది ఆ కాలంలో కోర్టు కాగితాల్లో దొరుకుతుంది. బొంబాయిలో రఖ్మాబాయికి పదకొండో ఏట దాదాజీ భికాజీ అనే పంతొమ్మిదేళ్ల యువకుడితో పెళ్లయింది. ఆమె పుట్టింట్లోనే ఉండి చదువుకుంది. పెద్దయ్యాక కాపురానికి రానని చెప్పింది. 1884లో ఆయన దావా వేశాడు. మొదట విన్న జడ్జి ఆమెను బలవంతంగా పంపలేనన్నాడు. తర్వాతి విచారణలో, 1887లో, వెళ్లకపోతే ఆరు నెలల జైలన్నారు. జైలుకే వెళ్తానంది ఆమె. 1888లో రాజీ కుదిరింది. ఆమె ఇంగ్లండ్ వెళ్లి డాక్టరై వచ్చి సూరత్, రాజ్‌కోట్‌లలో పనిచేసింది. తాను ఒప్పుకోని పెళ్లి తనదెలా అవుతుందని ఒక అమ్మాయి దేశం మొత్తానికి వినిపించేలా అడగడం అదే మొదలు. ఆ వెంటనే బెంగాల్లో ఫూల్‌మణి అనే పిల్ల, పదేళ్లు దాటాయో లేదో, భర్త చేతిలో ప్రాణం పోగొట్టుకుంది. భార్యతో దాంపత్యానికి చట్టంలో అప్పటి వయసు పరిమితి పదేళ్లే. అందుకే అతనికి పడ్డ శిక్ష తేలికైనది. 1891లో ఆ పరిమితిని పన్నెండుకు పెంచారు. ఆ రెండేళ్ల పెంపుకే దేశంలో పెద్ద గొడవ జరిగింది.

ఆ తర్వాత శారదా చట్టం. దాన్ని తెచ్చిన హరబిలాస్ శారదా అజ్మీరు మనిషి. ఆనంది కథ జరిగే రాజస్థాన్ నేలవాడే. 1929 సెప్టెంబరులో చట్టం ఆమోదం పొందింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 కనీస వయసన్నారు. 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుందన్నారు. మధ్యలో దొరికిన ఆరు నెలల్లో దేశమంతటా ముహూర్తాలు చూసుకుని పసిపిల్లలకు తొందర తొందరగా పెళ్లిళ్లు చేసేశారు. ఆ తొందర 1931 జనాభా లెక్కల్లోనూ కనిపించింది. చట్టం బ్రిటిష్ ఇండియాకే వర్తిస్తుంది కాబట్టి మన గోదావరి జిల్లాలవాళ్లకు ఇంకో దారి కూడా దొరికింది. ఫ్రెంచివాళ్ల యానాం ఆ పక్కనే ఉంది.

మా పెద్దమ్మ పెళ్లి అక్కడే జరిగింది. కోనసీమ నుంచి ఎదుర్లంక రేవుకు బళ్ల మీద వచ్చి, పడవలో గోదావరి దాటి, యానాంలో తాళి కట్టించి, మర్నాడు అదే పడవలో తిరిగొచ్చారు. ఆవిడకు అప్పుడు తొమ్మిదేళ్లు, పెదనాన్నగారికి పద్నాలుగు. ఎనభై దాటాక ఆవిడ 'చిన్నారి పెళ్లికూతురు' రోజూ చూసేది, ఆ అరగంటా మమ్మల్ని మాట్లాడనిచ్చేది కాదు. ఒకరోజు సీరియల్ అయిపోయాక తనంతట తానే చెప్పింది. పెళ్లయిన ఏడాది పండక్కి అత్తవారింటికి తీసుకెళ్లారట. అత్తగారంటే అంత భయం వెయ్యలేదట. తెల్లవారుజామున తలంటు పోశాక జడ ఎవరు వేస్తారన్నది తెలియక భయం వేసిందట. తనకు వేసుకోవడం రాదు. పుట్టింట్లో అమ్మ వేసేది. ఇక్కడ ఎవరిని అడగాలో తెలియదు, అడిగితే ఏమంటారో తెలియదు. తడిజుట్టు విరబోసుకుని పొద్దెక్కేదాకా వసారాలో కూర్చుంటే, పండగపూట జుట్టు విరబోసుకుందని ఒకావిడ కసిరిందట. పెదనాన్న తనతో అన్న మొదటి మాట ఏమిటని అడిగాను. "నా పుస్తకాలు ముట్టుకోకు అన్నారు" అంది. కాసేపాగి, "పాపం, ఆయనకి మాత్రం ఏం తెలుసు, పద్నాలుగేళ్ల కుర్రాడు" అంది.

నేను చెబుతున్న ఖాళీ చోటు ఇదే. జడ ఎవరు వేస్తారన్న ప్రశ్న నాటకంలో ఇమడదు. నాటకానికి ఒక్క రాత్రే సమయం, అందులో పెళ్లి తప్పాలి, లేదా ఎవరో చావాలి. సినిమాకు రెండున్నర గంటలు. 1939లో వై.వి. రావు 'మళ్ళీ పెళ్లి' తీశారు, మరుసటేడు బి.ఎన్. రెడ్డి 'సుమంగళి' తీశారు. రెండూ ధైర్యమైన సినిమాలు, రెండిటి చూపూ వితంతువు మీదే. సంస్కర్తల చూపు కూడా అక్కడే ఉండేది. కందుకూరి రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న చేయించిన తొలి వితంతు వివాహం నుంచి మన సంస్కరణోద్యమానికి నడిమి స్తంభంగా నిలిచిన మనిషి వితంతువే. మొగుడు బతికే ఉన్న చిన్నపిల్ల మీద జాలి చూపించడానికి కారణం కనిపించేది కాదు. ఆమె సుమంగళి. ఆమెకు కష్టమేమిటి?

టీవీ వచ్చాక కూడా చాలాకాలం ఆ పిల్ల తెర మీదకు రాలేదు. 1984లో దూరదర్శన్‌లో వచ్చిన 'హమ్ లోగ్' మధ్యతరగతి ఇంటిని చూపించింది, పెళ్లి కావలసిన కూతుళ్ల బెంగను చూపించింది. 2000 తర్వాత స్టార్ ప్లస్‌లో మొదలైన అత్తాకోడళ్ల సీరియళ్లలో కోట్ల ఆస్తులు, మేడలు, పట్టుచీరలు వచ్చాయి. తెలుగులో మంజులా నాయుడు గారి 'ఋతురాగాలు', 'చక్రవాకం' లాంటివి మనుషుల మధ్య బంధాల్ని ఓపిగ్గా చెప్పాయి. వాటి గురించి మరో సభలో మాట్లాడుకోవాలి. అన్నిటిలోనూ పెళ్లయినవాళ్లు పెద్దవాళ్లే.

'బాలికా వధు' తెచ్చిన కొత్తదనం కథాంశంలో ఉందని అందరూ అన్నారు. నాకు మాత్రం అది సమయాన్ని వాడుకున్న తీరులో కనిపించింది. వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట. ఆ అరగంటలో పెద్ద సంఘటన ఏదీ జరగనక్కర్లేదు. ఆనంది ఆడుకోవడానికి బయటికి పరుగెత్తబోతుంది, గుమ్మం దగ్గర ఆగిపోతుంది, కొంగు లాక్కుని ముసుగు వేసుకుంటుంది, మళ్లీ మరిచిపోతుంది. పెళ్లంటే కొత్త బట్టలు, గాజులు, మిఠాయిలు అనుకున్న పిల్లకు అది రోజుల తరబడి జరిగే పని అని కొద్దికొద్దిగా అర్థమవుతుంది. పాత్ర వేసిన అవికా గోర్‌కు అప్పటికి పదకొండేళ్లు. నుదుటి మీద బోర్లా అనే నగ, చేతినిండా గాజులు, మెడలో నగలు. వాటి బరువుకు ఆ పిల్ల నడక ఎలా మారిపోతుందో గమనించండి. నటన నేర్పేవాళ్లెవరూ నేర్పగలిగిన నడక కాదది. పరుగు మొదలుపెట్టి రెండో అడుగులోనే సర్దుకోవడం. ఆ రెండో అడుగులో బాల్యవివాహం మొత్తం ఉంది.

ఇక జగదీశ్ పాత్ర. అవినాష్ ముఖర్జీ వేశాడు. దీన్ని విమర్శకులు తగినంత పట్టించుకోలేదు. బాల్యవివాహం అనగానే మన ఊహలో ముసలి వరుడు మెదులుతాడు. లుబ్ధావధాన్లు మన ఊహలో అంత గట్టిగా పాతుకుపోయాడు. ఇక్కడ వరుడు కూడా పిల్లాడే. తన వయసుకు దగ్గర వయసున్న పిల్ల ఒకతి ఇంట్లోకి వచ్చింది. ఆడుకోవడానికి తోడు దొరికిందనుకోవాలా, తనమాట వినాల్సిన మనిషి వచ్చిందనుకోవాలా అతనికి తెలియదు. పొద్దున ఇద్దరూ కొట్టుకుంటారు, మధ్యాహ్నం కలిసి తింటారు, సాయంత్రం అతను ఇంట్లో మగవాళ్ల గొంతు అరువు తెచ్చుకుని ఆమెను ఆజ్ఞాపిస్తాడు. ఆ గొంతు అతనికి సరిపోదు, అయినా ఇంట్లో ఎవరూ దాన్ని తప్పని చెప్పరు, నవ్వుకుంటారు. నవ్వేకొద్దీ ఆ గొంతు స్థిరపడుతుంది. మొగుడు పుట్టడు, రోజూ కొద్దికొద్దిగా తయారు చేస్తారు అన్నది ఆ సీరియల్ చూపించిన గొప్ప నిజం. మా పెద్దమ్మ పాపమన్నది ఆ కుర్రాడి గురించే.

ఈ పిల్లల చుట్టూ ఉన్న పెద్దవాళ్లను కూడా ఒక్కొక్కరినీ ఒక్కో రకంగా నిలబెట్టారు. జగదీశ్ నాయనమ్మ, అందరూ దాదీసా అనే కళ్యాణీదేవి ఆ ఇంటి పెత్తందారు. ఆ పాత్ర వేసిన సురేఖా సిక్రీ నాటకరంగం నుంచి వచ్చిన మనిషి. 'తమస్', 'మమ్మో', 'బధాయి హో'లకు జాతీయ పురస్కారాలు అందుకున్న నటి. 2021లో కన్నుమూశారు. ఆమె దాదీసా అరవదు. మాటకు మాటకు మధ్య ఒక క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో ఇల్లంతా ఊపిరి బిగబడుతుంది. ఆనంది చదువు ఆపించేది ఆమే. తాను చేసేది క్రూరమని ఆమె ఒక్కసారి కూడా అనుకోదు, ఆ ఇంటి మంచి కోసమే చేస్తున్నాననుకుంటుంది. అత్త సుమిత్ర ఆనందిని కూతురిలా చూసుకుంటుంది. ఈ ప్రేమ అసలు విషయాన్ని మెత్తబరుస్తోందని కొందరన్నారు. నాకలా అనిపించలేదు. అత్త ఎంత మంచిదైనా ఎనిమిదేళ్ల పిల్ల రాత్రి అమ్మ కోసం ఏడుస్తుంది. మంచి అత్తవారిల్లు దొరికినా ఆ పెళ్లి తప్పే అని చెప్పాలంటే మంచి అత్తను చూపించాల్సిందే. చెడ్డ అత్తను చూపిస్తే, దోషమంతా అత్తదే అనుకుని చూసేవాళ్లు లేచి వెళ్లిపోతారు.

గెహనా కథ గురించి ఈ సభలో తప్పక చెప్పాలి. జగదీశ్ తండ్రి భైరోన్‌కి అన్న అయిన వసంత్ భార్య ప్రసవంలో చనిపోతుంది. వంశానికి వారసుడు కావాలని దాదీసా పేదింటి నుంచి, డబ్బు ముట్టజెప్పి, అతని వయసులో సగం కూడా లేని గెహనాను కోడలిగా తెస్తుంది. ఇది నేరుగా 'కన్యాశుల్కం'. 1897లో గురజాడ అచ్చు వేయించిన లెక్క 2008లో రాజస్థానీ లంగా ఓణీ కట్టుకుని మళ్లీ తెర మీదకొచ్చింది. గెహనా ఎదురు తిరుగుతుంది, వసంత్ ఆమెను బలవంతం చేస్తాడు. దేశమంతా కుటుంబాలు కలిసి చూసే వేళలో, భర్త చేసిన బలాత్కారాన్ని ఆమె వైపు నుంచి చూపించారు. అప్పటికి మన శిక్షాస్మృతి పదిహేనేళ్లు నిండిన భార్య విషయంలో భర్తకు మినహాయింపు ఇస్తూనే ఉంది. 18 ఏళ్లలోపు భార్యకు ఆ మినహాయింపు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది 2017 అక్టోబరు 11న. అంటే సీరియల్ అయిపోయిన ఏడాది తర్వాత. పెద్దదైన భార్య విషయంలో భర్తకు ఆ మినహాయింపు తర్వాత కూడా మిగిలే ఉంది. అయితే సీరియల్ ఈ దారిలో చివరిదాకా నిలబడలేదు. రోజులు గడిచేకొద్దీ వసంత్ మారాడు, గెహనా అతన్ని ప్రేమించింది, ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వారు. బలాత్కారంతో మొదలైన కాపురం ప్రేమతో సర్దుకుంటుందని చెప్పడం ఈ సీరియల్ చేసిన పెద్ద తప్పు. ప్రతి ఎపిసోడ్ చివర తెర మీద వేసే హితవాక్యాలు ఎన్ని ఉన్నా ఆ తప్పును మాపలేవు.

2009లో పార్లమెంటులో కూడా ఈ సీరియల్ మీద అభ్యంతరాలు లేచాయి. చట్టం నిషేధించిన పనిని రోజూ నగలతో, పాటలతో అందంగా చూపిస్తున్నారని వాటి సారాంశం. రంగుల మీద కొంత అతిమోజు ఉన్నమాట నిజమే. కానీ నిషేధం కోరినవాళ్ల వాదన నాకు ఒప్పుదల కాదు. 1992లో రాజస్థాన్‌లోనే, భటేరీ ఊళ్లో, ప్రభుత్వ కార్యకర్త భన్వరీదేవి ఒక పసిపిల్ల పెళ్లి ఆపబోయి సామూహిక అత్యాచారానికి గురైంది. ఆమె పోరాటం వెనక నడిచిన కేసు నుంచే 1997లో పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు విశాఖ తీర్పు వచ్చింది. ఆ పెళ్లి ఆపబోయినందుకు మనిషి అంత మూల్యం చెల్లించిన చోట, అలాంటి పెళ్లిని ఇంట్లో కూర్చుని చూసి మాట్లాడుకునేలా చేయడం చిన్న పని కాదు.

2010లో కథ ఒక్కసారిగా ముందుకు దూకింది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఆనందిగా ప్రత్యూషా బెనర్జీ, జగదీశ్‌గా శశాంక్ వ్యాస్ వచ్చారు. జగదీశ్ ముంబయికి డాక్టరు చదువుకు వెళ్తాడు, గౌరి అనే అమ్మాయిని ప్రేమిస్తాడు, ఆనందికి తెలియకుండా ఆమెను పెళ్లాడతాడు. ఇక్కడే సీరియల్ తన దారి తప్పింది. అప్పటిదాకా దోషం పెళ్లిది. ఆ క్షణం నుంచి దోషం జగదీశ్‌ది, గౌరిది అయింది. మోసం మోసమే, అందులో అతన్ని వెనకేసుకు రాను. కానీ పదేళ్ల వయసులో కట్టబెట్టిన సంబంధంలో ప్రేమ పుట్టకపోతే దానికి ఆ కుర్రాడు ఒక్కడే ఎలా బాధ్యుడవుతాడు? ఆ పెళ్లి చేసిన చేతుల్ని అప్పుడే నిలదీయాల్సింది. దాదీసా పశ్చాత్తాపపడింది, మంచిదే. మొత్తం మీద కథ భర్త వదిలేసిన ఉత్తమ ఇల్లాలి కథగా మారిపోయింది. అది మనకు నూరేళ్లుగా తెలిసిన కథ.

ఒక్క విషయంలో మాత్రం ఈ రెండో భాగానికి నమస్కరిస్తాను. ఆనందిని ఆ అత్తమామలే అక్కున చేర్చుకున్నారు, ఊరి సర్పంచిని చేశారు, తమ కొడుకుతో విడాకులయ్యాక తామే కన్యాదాతలై కలెక్టర్ శివరాజ్‌తో ఆమె పెళ్లి జరిపించారు. కోడలికి మళ్లీ పెళ్లి చేయడం అత్తవారి ధర్మమని జనం చూసే వేళలో చూపించడం కందుకూరికి జోహారు చెప్పడమే.

విడాకులు అన్నాను కదా, ఇక్కడ కొంచెం ఆగాలి. 2006లో పార్లమెంటు చేసి, 2007 నవంబరు నుంచి అమల్లో ఉన్న బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం చిన్నప్పుడు పెళ్లయినవాళ్లు మేజరయిన రెండేళ్లలోపు కోర్టుకు వెళ్లి ఆ పెళ్లిని రద్దు చేయమని అడగొచ్చు. విడాకులకు లాగా ఎవరి తప్పునో నిరూపించక్కర్లేదు. అప్పటి తన వయసు చాలు. 2012లో జోధ్‌పూర్‌లో ఒక అమ్మాయి, ఏడాది వయసులో జరిగిన తన పెళ్లిని రద్దు చేయించుకుంది. ఆనంది, జగదీశ్ కథ తెర మీద విడాకుల దిశగా సాగుతున్న రోజుల్లోనే, అదే రాష్ట్రంలో. పత్రికలన్నీ రాశాయి. రఖ్మాబాయి 1884లో అడిగిన ప్రశ్నకు చట్టం ఇచ్చిన జవాబు అది. బాల్యవివాహం గురించే నడిచిన సీరియల్ ఆ జవాబును కథలో కేంద్రంగా నిలబెట్టి ఉంటే, దేశంలో ఎంతమంది ఆడపిల్లలకు ఆ దారి ఉందని తెలిసేది!

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అప్పట్లో డబ్బింగ్ సీరియళ్ల వల్ల తమ పని పోతోందని తెలుగు టీవీ కళాకారులు ఆందోళనలు చేశారు. వాళ్ల బాధ న్యాయమైనది. నాకున్న బాధ ఇంకొకటి. 'చిన్నారి పెళ్లికూతురు' చూస్తూ మనం, "అయ్యో, రాజస్థాన్‌లో ఇంకా ఇలా చేస్తారా" అనుకున్నాం. కళ్లు తుడుచుకున్నాం. తలుపు వేసుకున్నాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏం చెబుతోందో వినండి. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయిపోయినవాళ్లు రాజస్థాన్‌లో 25.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. తెలంగాణలో 23.5. దేశం మొత్తం మీద 23.3. ఆనంది ఊరికంటే మన ఊళ్లో ఎక్కువ.

మరి మనకెందుకు కనిపించలేదు? ఆనంది వల్లే అని నాకనిపిస్తుంది. ఆ సీరియల్ మన కళ్లలో ఒక బొమ్మను గీసిపెట్టింది. ఎనిమిదేళ్ల పిల్ల, నుదుటి మీద బోర్లా, ఎడారి ఊరు. మన దగ్గర పెళ్లయిపోతున్న పిల్లకు పదహారేళ్లు. పదో తరగతి పాసయింది, లేదా ఒక సబ్జెక్టు తప్పింది. జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో ఉంది, బస్సు సాయంత్రం ఆరు తర్వాత లేదు. చేతిలో ఫోను కనిపించింది, ఎవరితోనో మాట్లాడుతోందని ఇంట్లో భయం పట్టుకుంది. సంబంధం వచ్చింది, కట్నం ఎక్కువ అడగలేదు, ఇంకో రెండేళ్లాగితే అడుగుతారు. వయసు కాగితం మీద సర్దుకోవచ్చన్నారు. వరుడికి ఇరవై మూడు. అతను దుర్మార్గుడు కాడు, సెంట్రింగ్ పనికి వెళ్తాడు. పెళ్లి ఫోటోల్లో ఆ పిల్ల చిన్నదిగా కూడా కనిపించదు. ఆమెను చూసి చిన్నారి పెళ్లికూతురని ఎవరూ అనుకోరు. తెలంగాణలో కళ్యాణలక్ష్మి డబ్బు రావాలంటే వధువుకు 18 నిండాలని 2014 నుంచి నియమం పెట్టారు. కొన్ని ఇళ్లలో పెళ్లిని అది వాయిదా వేయించి ఉంటుంది. వాయిదా పడని ఇళ్లలో ఏం జరుగుతోందన్నది పథకాల కాగితాలు చెప్పలేవు. అది చెప్పేది కథే.

ఆ కాపురం మొదటి ఏడాది ఎలా గడుస్తుందో నాకు తెలిసి ఏ తెలుగు సీరియల్ ఇంతవరకు రోజువారీగా చూపించలేదు. నెల తిరిగేసరికి ఆమె ఫోను అతని దగ్గరుంటుంది, రీచార్జి అతని చేతిలో ఉంటుంది. ఇంటర్ పుస్తకాలు పుట్టింట్లో అటక మీదుంటాయి. నెల తప్పితే సంతోషమా భయమా ఆమెకే తెలియదు, ఆశా కార్యకర్త వయసు అడిగితే అత్తగారు జవాబు చెబుతుంది. రాత్రి అతను అలిసిపోయి వచ్చి మాట్లాడకుండా పడుకుంటే, తప్పు తనదేనేమోనని ఆమె అనుకుంటుంది. మాట్లాడాలని అతనికీ ఉంటుంది, ఎలా మొదలుపెట్టాలో చెప్పినవాళ్లు అతనికీ లేరు. ఇందులో దాదీసా లేదు, నగలు లేవు. రోజుకు అరగంట చొప్పున రెండేళ్లపాటు చెప్పడానికి సరిపడా జీవితం మాత్రం ఉంది. దీన్ని తీయాలంటే పెద్ద సెట్లు అక్కర్లేదు, విజయనగరం జిల్లాలో ఏ ఊరైనా చాలు. ఈ హాల్లో నాటకం రాసేవాళ్లు, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లు కొందరున్నారని నాకు తెలుసు. మీలో ఎవరైనా దీన్ని మొదలుపెడితే, ఆ పిల్లను ఆమె ఇరవయ్యో ఏట కోర్టు మెట్ల దాకా నడిపించండి. ఆ మెట్లు ఉన్నాయని చట్టం రాసి ఇన్నేళ్లయింది. వాటిని తెర మీద చూసిన తెలుగు ఆడపిల్ల మాత్రం ఇంకా లేదు.